విశ్రాంతి గడిలో సున్నా

మా లాండ్రీ మడత సెక్షన్‌లో ఒక కట్టుబాటు ఉండేది. గడియారం పట్టుకున్న మనిషి లోపలికి వస్తే చేతులు నెమ్మదించాలి. ఆఫీసు పెట్టింది కాదు, గోడ మీద రాసిందీ కాదు. కొత్తగా చేరినవాళ్ళు కూడా రెండో వారానికి దాన్ని పట్టేసేవారు. ఎవరూ చూడని వేళ ఒళ్ళు వంచి పనిచేసేవారు, ఆఫీసువాళ్ళు కొలిచే వేళ ఒళ్ళు దాచుకునేవారు. బయటివాళ్ళకి ఇది తలకిందుల వ్యవహారం. తెలిసి ఉంటే నాకూ అలాగే అనిపించేది. నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న మా నాన్నకి తెలుసు.

లాండ్రీ అంటే వీధిలో ఉండే చిన్న దుకాణం కాదు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు లారీల్లో వచ్చేవి. ఒక చివర మురికివి దింపేవారు. ఉతికి, పిండి, ఆవిరితో కాగే రోలర్ల మధ్యకి తోస్తే రెండో చివర వేడి పలకల్లా బయటికి వచ్చేవి. అక్కడ ఎనిమిది టేబుళ్ళు, టేబులుకి ఇద్దరు. వేళ్ళు చురుక్కుమంటుండగానే ఇద్దరూ చెరో రెండు మూలలు అందుకుని, సాగదీసి, అంచుకి అంచు కలిపి, మళ్ళీ కలిపి, ఒకరి వైపు ఒకరు నడిచి, మూలలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మార్చుకుని, మడత మీద అరచేత్తో ఒక్కసారి రాసి ట్రాలీలో పెట్టాలి. నలభై దుప్పట్లయితే ట్రాలీ నిండుతుంది. నిండగానే ఆ జంట వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడేది. అయిదు నిమిషాలు, ఒక్కోసారి పది. అక్కడ గాలి తగిలేది. వీపుకి అతుక్కున్న చొక్కా విడివడేది. రెండు మూడు జంటలకి మించి ఒకేసారి వెళ్ళేవారు కాదు. వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చి కళ్ళతో సైగ చేస్తే ఇంకొకళ్ళు కదిలేవారు.

గంటకి రెండు ట్రాలీలు లెక్క. చాలా ఏళ్ళ కిందట బయటినుంచి ఎవరో వచ్చి గడియారంతో కొలిచి పెట్టిన లెక్క అది. ఆ రోజు వీళ్ళు ఎంత నెమ్మదిగా చేశారో, ఆ నెమ్మదే తరవాత ఇన్నేళ్ళూ అందరికీ ఊపిరి పోసింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. నా సబ్జెక్టు లెక్కలు, గణాంకాలు. చదువు అయ్యాక ఏడాది ఖాళీగా ఉంటే నాన్న నా గురించి మేనేజర్‌కి చెప్పి, మళ్ళీ చెప్పి, చివరికి విసిగించి పైన ఆఫీసులో చేర్పించాడు. చేరిన మొదటి వారంలోనే టీ వేళకి మెట్లెక్కి నా బల్ల చూడటానికి వచ్చాడు. లోపలికి రాలేదు. తలుపు దగ్గరే నిలబడి, "ఫ్యాను నీ వైపు తిరుగుతుందా అమ్మా?" అని అడిగాడు. తిరుగుతుందన్నాను. "అది చాలు" అని దిగిపోయాడు.

ఆరు నెలలకి కొత్త మేనేజర్ వచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు, మర్యాదస్తుడు. నన్ను పిలిచి, "మడత సెక్షన్ ఎప్పటి లెక్క మీద నడుస్తోందో తెలుసా అమ్మా? ఆ లెక్క పెట్టిన మనిషి ఇప్పుడు ఉన్నాడో పోయాడో కూడా ఎవరికీ తెలియదు. నువ్వు మళ్ళీ కొలువు. చదువుకున్నదానివి" అన్నాడు.

"ఎనిమిది టేబుళ్ళూ కొలవాలాండీ?"

"ఒకటి చాలు. మూడు రోజులు."

ఒక్క టేబులుతో సరిపెట్టకూడదని నాకు తెలుసు. అదే మాట అన్నాను కూడా. "పరీక్ష రాస్తున్నావా అమ్మా?" అన్నాడాయన నవ్వుతూ. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఏ టేబులు కొలవాలో నన్నే తేల్చుకోమన్నాడు. నేను చాలాసేపు ఆలోచించాను. వేరే టేబులు దగ్గర నిలబడితే, తన నాన్నని వదిలేసి మమ్మల్ని పట్టుకుంది అంటారు. ఆ మాట పడకూడదని మొదటి టేబులు రాశాను. అది నాన్నది. న్యాయంగా ఉన్నానని ఆ రోజు నాకు చాలా తృప్తిగా ఉండింది.

ఇంటికి వచ్చి చెప్పాను. నాన్న తింటున్నవాడు ఆగి, "నువ్వేనా కొలిచేది? వేరే ఎవరూ రారు కదా?" అన్నాడు.

"నేనే నాన్నా."

మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, పండక్కి కూడా బయటికి తీయని నీలం చొక్కా వేసుకున్నాడు. అమ్మ ఎగాదిగా చూసి, "ఏమిటి, ఫొటో దిగుతున్నారా?" అంది. నాన్న చెవులు ఎర్రబడ్డాయి.

నాన్నకి ఎదురు పట్టే మనిషిని అందరూ నిదానం అనేవారు. మాటా నిదానమే, నడకా నిదానమే. నాకు చిన్నప్పటినుంచీ బాబాయ్. నాన్నా ఆయనా కలిసి పద్నాలుగేళ్ళుగా దుప్పట్లు మడత పెడుతున్నారు. నేను గడియారమూ అట్ట మీద బిగించిన కాగితమూ పట్టుకుని నిలబడగానే బాబాయ్ నన్ను చూసి నవ్వాడు. తరవాత ఆయన చేతులు ఎంత నెమ్మదిగా కదిలాయంటే, ఆయన దుప్పటి మడత పెడుతున్నాడో దానికి జోల పాడుతున్నాడో తెలియలేదు. నాన్న అవతలి చివర నుంచి ఒక్క గుంజు గుంజాడు.

"అన్నా, ఎక్కడన్నా నిప్పంటుకుందా?"

"మాట్లాడకు. మూల పట్టు."

"మూల పడుతూనే ఉన్నా. నా ప్రాణమే జారిపోయేలా ఉంది."

పక్క టేబుళ్ళవాళ్ళు పకపకా నవ్వారు. నాలుగైదు దుప్పట్లయ్యాక నవ్వులు ఆగిపోయాయి. బాబాయ్ దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. "జలుబు చేసిందా బాబాయ్?" అని అడిగాను. అంత తెలివిగలదాన్ని.

మొదటి ట్రాలీ ఇరవై నిమిషాల్లో నిండింది. బాబాయ్ చేతులు తుడుచుకుని గుమ్మం వైపు రెండడుగులు వేశాడు. నాన్న ఇంకో ఖాళీ ట్రాలీ లాగాడు.

"అన్నా, గుమ్మం..."

"అమ్మాయి చూస్తోందిరా."

ఆ మాట నాకు వినిపించింది. నా ముందు సోమరితనం చూపకూడదనుకుంటున్నాడు, ఎంత మంచివాడు మా నాన్న, అనుకున్నాను. నీలం చొక్కా గంటలోపే నల్లబడింది. కనుబొమల మీదినుంచి చెమట కారి కళ్ళలో పడుతుంటే భుజానికి రాసుకుంటున్నాడు తప్ప చెయ్యి ఆపలేదు. మధ్యమధ్య నా కాగితం వైపు చూసేవాడు. ఏం రాస్తున్నానో అక్కడినుంచి ఆయనకి కనిపించదు. అయినా చూసేవాడు.

మూడు రోజులూ అంతే. నా కాగితంలో నాలుగు గడులు. మడత, నడక, ట్రాలీ మార్చడం, విశ్రాంతి. చివరి గడిలో మూడు రోజులూ సున్నా పెట్టాను. వాళ్ళు తీసుకోలేదు మరి. నేను చూసిందే రాశాను. ఇప్పుడు కూడా ఆ కాగితంలో ఒక్క అంకె అబద్ధమని నేను చెప్పలేను.

లెక్క కట్టేటప్పుడు మాత్రం పాఠం గుర్తుంచుకున్నాను. వేడిలో నిలబడి చేసే పనికి విశ్రాంతి కోసం నూటికి పదిహేను వంతుల సమయం కలపాలి. కలిపి తీసుకెళ్ళాను. మేనేజర్ ఆ గీత దగ్గర కలం ఆపాడు.

"మూడు రోజుల్లో వాళ్ళు ఒక్కసారైనా ఆగారా అమ్మా?"

"లేదండీ."

"నువ్వు చూసింది రాస్తావా, చూడనిది కూడా రాస్తావా?"

"చూసిందేనండీ."

"మరి ఇదేమిటి?"

పుస్తకంలో ఉందండీ అనాలి. పుస్తకం పేరు, పేజీ కూడా చెప్పగలను. ఆయన ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు. నాకు ఆరు నెలల కొలువు. పదిహేను వంతులూ కొట్టేసి, కింద సంతకం పెట్టాను.

వారం తిరక్కుండా గంటకి మూడు ట్రాలీలని నోటీసు పడింది. ఎనిమిది టేబుళ్ళకీ. లెక్క తక్కువ పడిన టేబులు షిఫ్టు దిగాక నిలబడి పూర్తి చేసి వెళ్ళాలి. వెనక గుమ్మానికి అడ్డంగా విరిగిన ట్రాలీలు పేర్చారు.

ఆ రోజు కుళాయి దగ్గరికి వెళ్తే మూడో టేబులు పిన్ని ఎదురైంది. చిన్నప్పుడు నాకు జడలు వేసిన మనిషి.

"రా తల్లీ, రా. గ్లాసు నీళ్ళు తాగడానికి ఎన్ని సెకన్లు పట్టాలో కూడా రాసిచ్చి పో."

"పిన్నీ, నేను చూసిందే..."

"చూశావులే. మీ నాన్నకి రెక్కలున్నాయి, ఎగిరాడు. మాకు మోకాళ్ళు తప్ప ఏమున్నాయి? ఆయన కూతురు ఉద్యోగం వెలగాలి, మా నడుములు పడిపోవాలి. బాగుంది."

వెనకనున్న వాళ్ళెవరూ ఆమెని వారించలేదు. ఆ వారం నుంచి మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న పక్కన ఎవరూ కూర్చోలేదని తరవాత తెలిసింది. బాబాయ్ ఒక్కడూ కూర్చునేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదట.

నాన్న ఇంటికి వచ్చి చేతులు చల్లటి నీళ్ళలో పెట్టుకుని కూర్చునేవాడు. చొక్కా కొక్కేనికి తగిలించాలంటే కుడి చెయ్యి భుజం దాటి లేచేది కాదు. ఎడమ చేత్తో విసిరితే అది కింద పడేది. అమ్మ తీసి తగిలించేది. ముద్ద నోటి దాకా తెచ్చుకుని అలాగే కునికేవాడు. "ఏమిటా ఒళ్ళు హూనం చేసుకోవడం?" అని అమ్మ అరిస్తే, "కొత్త లెక్క కదా, అలవాటవుతుందిలే" అనేవాడు.

నేను బాబాయ్‌ని బస్సు స్టాపులో పట్టుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకున్నాక, గడియారం వచ్చినప్పుడు చేతులు ఎలా ఉండాలో చెప్పాడు. మొదటిసారి విన్నాను.

"ముందే చెప్పొచ్చుగా బాబాయ్!"

"ఎవరికి చెప్పను? నీకు చెప్పానా, నువ్వు ఆఫీసు. మీ నాన్నకా? దగ్గాను. టేబులు కింద కాలు తొక్కాను. ఆయన నీ మొహమే చూస్తున్నాడు, నా మొహం చూస్తేగా?"

"కానీ అది మోసం కదా, కావాలని నెమ్మదిగా చేయడం?"

ఆయనకి కోపం రావడం అప్పుడే చూశాను. కోపంలో కూడా నిదానంగానే మాట్లాడాడు.

"అమ్మాయ్, వరదొచ్చి ఆసుపత్రి నిండిపోయిన వారం గుర్తుందా? నువ్వప్పుడు స్కూలు. ఆ వారం గంటకి నాలుగు ట్రాలీలు చేశాం. ఎవరూ చెప్పలేదు, ఎవరూ కొలవలేదు. గుమ్మం వైపు తిరిగి చూసినవాడు లేడు. ఎందుకంటే అక్కడ దుప్పటి లేకుండా మనుషులు పడుకుని ఉన్నారు. నీ గడియారం ముందు ఎవరు పడుకుని ఉన్నారు చెప్పు?"

బస్సు వచ్చింది. ఆయన ఎక్కలేదు, నన్నూ ఎక్కమనలేదు.

"ఎప్పుడు ఒళ్ళు వంచాలో ఎప్పుడు దాచుకోవాలో మీ నాన్నే నాకు నేర్పాడు. చేరిన కొత్తలో నేనే ఉరికేవాణ్ణి. 'ఒరేయ్, నలభై ఏళ్ళు చేయాల్సిన చేతులు, నాలుగేళ్ళకి అరగదీసుకుంటావా' అని తిట్టేవాడు. ఆయనకి తెలియక కాదమ్మా."

ఆ సాయంత్రం నాన్న చేతులు నీళ్ళలో పెట్టుకుని ఉండగా ఎదురుగా కూర్చుని అడిగాను. ఎందుకలా చేశావు నాన్నా అని. ఆయన నీళ్ళలోకి చూస్తూ కాసేపు వేళ్ళు ముడిచాడు, విప్పాడు.

"నువ్వు రాసుకుంటున్నావు కదమ్మా. నీ మొదటి కాగితం. అందులో మీ నాన్న దగ్గర తక్కువ రాయించనా?"

మర్నాడు మేనేజర్ దగ్గరికి వెళ్ళి కొలత తప్పని చెప్పాను. వాళ్ళు మామూలుగా చేసే వేగం అది కాదు, నన్ను చూసి తొందరపడ్డారు అన్నాను. ఆయన గొడవ పడతాడనుకున్నాను. పడలేదు. "మంచిదమ్మా. తప్పుంటే దిద్దుకుందాం. రేపే మళ్ళీ కొలుద్దాం. అదే టేబులు, అదే జంట. నేనూ వస్తాను" అన్నాడు.

పరుగున ఇంటికి వచ్చాను. "నాన్నా, రేపు గంటకి రెండు ట్రాలీలే. మించొద్దు. ట్రాలీ నిండగానే ఆగు. గుమ్మం లేకపోతే లేదు, టేబులు దగ్గరే నిలబడు. పది నిమిషాలు."

"ఆగితే నీకేమన్నా మాటొస్తుందా?"

"రాదు. ఆగితేనే పాత లెక్క వస్తుంది. అందరికీ."

"అందరికీ అయితే సరే" అన్నాడు. చాలా రోజుల తరవాత ఆ పూట నిండుగా తిన్నాడు.

పొద్దున నేను కిందికి దిగేసరికే కబురు పాకిపోయింది. పిన్ని తన టేబులు వదిలి వచ్చి నాన్నకి గ్లాసుతో నీళ్ళిచ్చింది. "అన్నయ్యా, ఇవాళ నీ చేతిలోనే ఉంది" అంది. నాన్న తాగి గ్లాసు ఇచ్చి తల ఊపాడు. మేనేజర్ వచ్చి నా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నాన్న చెప్పినట్టే చేశాడు. మేనేజర్ అంత దగ్గరగా నిలబడి ఉంటే అలా చేయడం ఆయనకి ఎంత కష్టమయిందో మెడ నరాలు చూస్తే తెలిసేది. దుప్పటి అందుకోవడం, సాగదీయడం, నడవడం. బాబాయ్ ఆయనకి తగ్గట్టు అడుగు వేశాడు. మొదటి ట్రాలీ నిండింది. ఇద్దరూ చేతులు దించి నిలబడ్డారు. నేను విశ్రాంతి గడిలో మొట్టమొదటిసారి ఒక అంకె వేశాను. పది.

మేనేజర్ ఆ కాగితం చూడటం లేదు. మిగిలిన టేబుళ్ళని చూస్తున్నాడు. ఏడు టేబుళ్ళూ ఉరుకుతున్నాయి. కొలిచేది మొదటి టేబులునే కదా అనుకున్నారు వాళ్ళు. లెక్క తక్కువైతే షిఫ్టు దిగాక ఉండిపోవాలి, ఇంటి దగ్గర పిల్లలు ఎదురుచూస్తుంటారు. పిన్ని అందరికంటే ముందుంది. వాళ్ళకి కూడా చెప్పాలని నాకు తట్టనే లేదు. నాన్నకి ఒక్కడికే చెప్పాను. రెండో ట్రాలీ సగంలో ఉండగా మేనేజర్ ఏడు టేబుళ్ళ దగ్గరికీ వెళ్ళి ట్రాలీలు లెక్కపెట్టి తిరిగి వచ్చాడు.

"మీ నాన్నకి వయసెంతమ్మా?"

"యాభై ఆరండీ."

"అదీ సంగతి. లెక్కలో తప్పు లేదు. ఏడు టేబుళ్ళు చేస్తున్నాయి చూడు. మనిషి అయిపోయాడు, పాపం." ఆ పాపం నిజంగానే అన్నాడు. "కాగితం కింద ఒక ముక్క రాయి. మొదటి టేబులు, వేగం తగ్గింది, కారణం వయసు. తేలిక పనికి మారుద్దాం."

నెమ్మదిగా చేయమని నేనే చెప్పానండీ అనే మాట నా నాలుక మీదే ఉంది. ఆ మాట అంటే నా పని పోతుంది, నాన్నదీ పోవచ్చు. కానీ కొలిచినదాన్నే నమ్మకూడదని తేలితే, నేను సంతకం పెట్టిన ఆ మూడు ట్రాలీల లెక్కా నిలబడేది కాదు. నాన్న దుప్పటి మూల పట్టుకునే నన్ను చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపాడు, చాలా కొద్దిగా. చెప్పొద్దని. తండ్రి మాట అనుకుని నోరు మూసుకున్నాను. నిజానికి నాకు కావలసిందీ అదే. ఆయన అలా ఊపకపోయి ఉంటే చెప్పేదాన్నా? ఎన్నిసార్లు తిరగేసినా ఈ ప్రశ్నకి నాకు మంచి జవాబు రాలేదు.

రాశాను. వేగం తగ్గింది, కారణం వయసు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని స్కూల్లో మెచ్చుకునేవారు.

లెక్క మూడు ట్రాలీల దగ్గరే ఉండిపోయింది. బాబాయ్‌కి ఎదురు పట్టడానికి పాతికేళ్ళ కుర్రాణ్ణి ఇచ్చారు. నెల తిరిగేసరికి ఆయన పని మానేశాడు. వెళ్ళేముందు నాన్నని కలిసి వెళ్ళాడట. నన్ను కలవలేదు. పిన్ని ఇప్పుడు నన్ను తిట్టడం లేదు, "మేడమ్" అంటోంది.

నాన్నని వెనక షెడ్డుకి మార్చారు. లారీలోంచి దిగిన మురికి దుప్పట్లు ఆసుపత్రివి ఒక పక్క, హోటళ్ళవి ఒక పక్క వేయాలి. లారీ రోజుకి రెండుసార్లు వస్తుంది. వచ్చినప్పుడు గంట పని. మధ్యలో ఏమీ లేదు. అక్కడ కొలతా లేదు, చూసే మనిషీ లేడు. ఒక మూల పాత కుర్చీ కూడా ఉంది.

నిన్న మధ్యాహ్నం కాగితాల పని మీద అటు వెళ్ళాను. షెడ్డు ఖాళీగా ఉంది. మొదటి లారీ వెళ్ళి రెండు గంటలైంది. నాన్న ఆ కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు.

"కూర్చోవచ్చుగా నాన్నా. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు."

"తెలుసమ్మా. మేనేజరే స్వయంగా వచ్చి చెప్పాడు, కూర్చోమని."

"మరి?"

"అలిసిపోతే కూర్చుంటాను."

"పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావా? అలిసిపోలేదా?"

"ఏం పని చేశానని?" అన్నాడు. కోపంగా అనలేదు. నేను ఇంకా అక్కడే ఉన్నానని గమనించి, "నీకు పనుంటుంది, వెళ్ళమ్మా" అన్నాడు. తలుపు పక్కనున్న చీపురు ఎడమ చేత్తో అందుకుని, ఊడ్చి ఉన్న నేలనే మళ్ళీ ఊడవడం మొదలుపెట్టాడు.